వీధిని త్రవ్వు హక్కు

మన పట్టణములలో ఒక దృశ్యము పరిహాసాస్పదమైపోయినది. ఎన్నో యేండ్లు వేడుకొనగా వీధికి తారు పడును. మాసము తిరుగకముందే నీటి గొట్టములవారు వచ్చి దానిని త్రవ్వుదురు. వారు పూడ్చిన మన్ను కుదురుకొనకముందే మురుగుకాలువవారు వత్తురు. వారి వెనుక తీగలవారు. జనులు చూచి నవ్వుకొని, "సర్కారు పని యింతే" యని తమ దారిన తాము పోవుదురు. ఆ నవ్వులో ఒక విచారము మఱుగుపడిపోవుచున్నది. ఆ వీధి ఎవరిది? దానిని త్రవ్వుటకు ఎవరికి హక్కు గలదు? త్రవ్వబోవువాడు ఎవరి నడుగవలెను? అడుగుట యనగా కచేరిలో ఒక కాగితము పుచ్చుకొనుట మాత్రమేనా, లేక దానికి ధర్మముతో నేమైన సంబంధము గలదా? చిన్న విషయమువలె గాన్పించు నీ ప్రశ్నలను నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల యనుభవము ననుసరించి విచారింపదలచితిని.

ముందుగా, త్రవ్వుట తనంతట తాను తప్పు కాదని యొప్పుకొనవలెను. నల్లగొండ ప్రాంతమున బావి త్రవ్విన నీరు దొరకవచ్చును గాని, అనేక గ్రామములలో ఆ నీరు త్రాగదగినది కాదు. రాతిపొరలలోని ఫ్లోరైడు దానిలో కరగియుండును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు పానయోగ్యము కాదని మన దేశపు ప్రమాణము. మఱ్ఱిగూడ మొదలగు మండలములలో ఆ హద్దు దాటిన నీటినే తరములుగా త్రాగి, పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసి, ఎముకలు వంకరపోయి, నడివయస్సుననే నడుము వంగిపోయిన వారెందఱో కలరు. పటికను, సున్నమును కలిపి ఆ దోషమును తీయు పద్ధతిని నాగపూరులోని పరిశోధనసంస్థవారు రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" యను పేరు విదేశములలో సైతము స్థిరపడినది. ఒక జిల్లా తన వ్యాధివలన శాస్త్రగ్రంథములకెక్కుట గర్వింపదగిన కీర్తి కాదు.

పటికయు సున్నమును ఉపశమనము మాత్రమే. నిజముగా బాధ తీరవలెనన్న దూరపు నదినుండి నీరు రావలెను. నీరు రావలెనన్న గొట్టము రావలెను. గొట్టము ఇంటింటికి పోవలెనన్న వీధి చీలవలెను. 2015 జూన్ నెలలో నాటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పలున స్తంభము నావిష్కరించి యారంభించిన జలపథకము మిషన్ భగీరథ యను పేర ప్రసిద్ధికెక్కినది. కృష్ణా గోదావరుల నీటిని లక్ష కిలోమీటర్లకు మించిన గొట్టములగుండ ఊళ్లకు తెచ్చుట దాని సంకల్పము. పాలమూరు సీమ దాహము మఱొక తీరుది. కృష్ణానది ఆ సీమ అంచుననే పాఱుచున్నను మిట్టనేలలకు ఆ నీరు తనంతట నెక్కదు. ఎత్తిపోసి గొట్టములలో నడిపింపవలసినదే. కావున ఈ రెండు సీమలలో గడ్డపార దెబ్బ పడని వీధి యనగా నీరు రాని వీధి యని యర్థము. త్రవ్వువానిని ద్రోహిగా చూచుట అవివేకము. అతడు త్రవ్వుచున్నది మన దాహము కొఱకే.

అట్లయిన అనుమతి యెందులకు? మేలు చేయువానికి అడ్డమెందులకు? తెలంగాణమున ఈ మాట అడుగువారికి ఒక చారిత్రకమైన కారణము గూడ గలదు. ఇచ్చట "ఇజాజతు" అను పదమునకు చేదు జ్ఞాపక మంటియున్నది. నైజాము పాలనమున గస్తీ నిషాన్ 53 అను నుత్తరువుండెను. దానివలన ప్రజలు ఒక సభ జరుపుకొనవలెనన్న ముందుగా ప్రభుత్వపు అనుజ్ఞ కావలసియుండెను. ఆంధ్ర మహాసభ నాయకులు దానిని వ్యతిరేకించుచునే పనిచేసిరి. ఆ మహాసభ రెండవ సమావేశము 1931లో నల్లగొండ సీమలోని దేవరకొండయందును, అయిదవ సమావేశము 1936లో మహబూబునగరు సీమలోని షాద్‌నగరునందును జరిగెను. ఇజాజతు బరువు ఎట్టిదో ఈ రెండు జిల్లాల పెద్దలు మోసి యెఱిగినవారే. అట్టి నేల మీద పుట్టినవానికి అనుమతి యనగానే తల వంచుటయు, చేతులు కట్టుకొనుటయు స్మరణకు వచ్చుట సహజము.

కాని రెండనుమతులు ఒకటి కావు. సభలో మాటలాడువాడు పొరుగువాని సొత్తును దేనిని హరించుట లేదు. వినుట కిష్టము లేనివాడు లేచిపోవచ్చును. అందు ప్రభుత్వము కోరు అనుమతి మనుష్యుని నోటికి వేసిన తాళము. వీధిని త్రవ్వువాడట్లు కాదు. అతడు పొరుగువాని నడకను, బండిని, బడికిపోవు పిల్లవాని దారిని, ప్రసవవేదనతోనున్న స్త్రీ ఆసుపత్రికి పోవు త్రోవను కొంతకాలము తన స్వాధీనము చేసికొనుచున్నాడు. వారందఱి నొక్కొక్కరినే యడుగుట సాధ్యము కాదు గనుక, వారందఱి పక్షమున నున్న పురపాలకసంఘము నడుగుచున్నాడు. మొదటిది ప్రజలు ప్రభువునకు లొంగుట. రెండవది ఒక పౌరుడు తన తోడి పౌరులను గుర్తించుట. ఈ భేదమును అడుగువాడు మఱచిన అహంకారి యగును. ఇచ్చువాడు మఱచిన నైజాము కాలపు తాలూకాదారు యగును.

చట్టములు ఈ ధర్మమును ఎఱుగనివి కావు. 1885నాటి టెలిగ్రాఫు చట్టము తీగలు వేయువారికి విశేషాధికారము నిచ్చుచునే, సాధ్యమైనంత తక్కువ నష్టము కలిగింపవలెననియు, కలిగిన నష్టమునకు పూర్తి పరిహార మీయవలెననియు విధించెను. 2003నాటి విద్యుచ్ఛక్తి చట్టము 67వ సెక్షనున వీధిని త్రవ్వుటకు సంస్థలకు అధికార మొసగి, ఆ రెండు విధులనే మరల చెప్పినది. తమ పనివారివలన కలిగిన నష్టమునకు గూడ సంస్థయే బాధ్యత వహింపవలెనన్నది. 2016లో టెలిగ్రాఫు తీగలకై వచ్చిన మార్గహక్కు నియమములు దరఖాస్తుదారు వీధిని మరల బాగుచేయు పూచీని వ్రాతమూలకముగా కోరినవి. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చెను. దాని క్రింది మార్గహక్కు నియమములు 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఈ నియమముల భాష ఎంత శుష్కముగా నున్నను అందలి సారము మన యింటి నీతియే: ఎరవు తెచ్చుకొన్న పాత్రను తోమి తిరిగి యీయవలెను.

ఇక్కడ నా స్వవిషయమొకటి చెప్పక తప్పదు. చెప్పకున్న పైమాటలన్నియు పరోపదేశ పాండిత్యమగును.

కొన్ని యేండ్ల క్రిందట ఈ సీమలోని ఒక చిన్న పట్టణమున మేము కాపురముంటిమి. మా గల్లీకి ఎదుటి వైపుననే నీటి గొట్టముండెను. నల్లా కావలెనన్న వీధికి అడ్డముగా పది పన్నెండడుగులు త్రవ్వవలెను. దరఖాస్తు వ్రాసి, రుసుము కట్టి, రసీదు పుచ్చుకొంటిని. "రేపు రండి" యనిరి. ఆ రేపు మూడు మాసములయ్యెను. ఇంటిలో ముసలితల్లి, ట్యాంకరు వచ్చినప్పుడెల్ల నా భార్య బిందెలతో పరుగెత్తెడిది. అంతలో ఒకడు వచ్చి, "శనివారము రాత్రి పని కానిత్తును, తెల్లవారునప్పటికి ఎవరికి తెలియదు" అనెను. నేను సరేయంటిని. ఇద్దఱు కూలీలు లాంతరు వెలుగున త్రవ్విరి, గొట్టము కలిపిరి, మన్ను పైపైన నెట్టిపోయిరి. ఆదివారము ఉదయము ఇంటిలో నల్లా విప్పగా నీరు దుమికెను. మా తల్లి నల్లాకు పసుపు కుంకుమలు పెట్టినది.

నాల్గవనాడు వాన పడి మన్ను క్రుంగెను. తెల్లవారుజామున పాలవాడు సైకిలుమీద వచ్చుచు ఆ గోతిలో పడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. పాలన్నియు నేలపాలయ్యెను. జనులు గుమిగూడిరి. "ఈ సర్కారువాండ్లు త్రవ్విపెట్టి పోవుదురు, మనము పడి చచ్చెదము" అని అతడేడ్చుచుండెను. అందఱును అవునవుననిరి. నేనును అక్కడనే నిలుచుంటిని. ఆ గోయి నాదని చెప్పలేదు. తరువాత అతని వైద్యమునకు కొంత ధనమిచ్చితిని. దానిని సహాయమంటిని గాని ఋణమనలేదు. అతడు నన్ను ధర్మాత్ముడనెను. ఆ మాట నాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

ఈ సంగతిని పలుమార్లు త్రిప్పి త్రిప్పి చూచితిని. కచేరివారి యాలస్యము నిజమైన తప్పు. దానిని నేను కాదనను. కాని వారి తప్పు వారిది, నాది నాది. వారు మూడు మాసములు మాటలాడకుండుట నాకు త్రవ్వు సాకునిచ్చినదేమో గాని, మన్ను దిమ్మిసకొట్టి పూడ్చకుండుటకు గాని, గోతి ప్రక్కన ఒక దీపముంచకుండుటకు గాని సాకునీయలేదు. పైగా, దొంగచాటుగా చేసిన పని గనుకనే తొందరపడితిమి. తొందరపడితిమి గనుకనే చెడపూడ్చితిమి. దీపముంచిన పని బయటపడును గనుకనే చీకటిగా నుంచితిమి. అనుమతి లేకుండుట ఒక తప్పు, గోయి సరిగా పూడ్చకుండుట వేఱొక తప్పు అని నేననుకొనెడివాడను. అవి రెండును ఒకే వేరునుండి మొలచినవని తరువాత తెలిసికొంటిని.

"కాగితమున్నంత మాత్రమున గోయి పూడునా?" యని ఎవరైన అడుగవచ్చును. పూడదు. అనుమతిపత్రములు పుచ్చుకొని త్రవ్విన గోతులలో పడినవారును కలరు. కాని కాగితముండిన ఆ గోతికొక పేరుండెడిది. ఏ ఇంటివాడు, ఏనాడు, ఎంత పొడవు, ఎంత లోతు త్రవ్వెను, ఏనాటికి పూడ్చెదనని మాట యిచ్చెను అనునది వ్రాసియుండెడిది. పాలవాడు సర్కారును దూషింపక నన్ను దూషించియుండెడివాడు. న్యాయముగా నాకు చెందిన దూషణ నాకు చేరియుండెడిది. నా మనస్సునకు తోచినంతలో అనుమతియొక్క పరమార్థమిదియే. వీధికి యజమానులందఱును; గోతికి మాత్రము యజమాని ఒక్కడే యుండవలెను. ఎవరిదో తెలియని గోయి వీధిలో నున్నంతకాలము, ఆ వీధి అందఱిదై యుండుట మాని ఎవరిదియు కాకపోవును.

ఈ న్యాయము ఇచ్చువారిపట్ల గూడ వర్తింపవలెను. బదులు చెప్పని కచేరి నీతిమంతుని దొంగగా మార్చును. దొంగను ధనవంతునిగా చేయును. మా గల్లీకి శనివారపు రాత్రి వచ్చినవాడు ఆ యాలస్యముననే జీవించువాడు. 2016నాటి నియమములలో ఒక మేలైన యేర్పాటుండెను: అరువది దినములలో బదులు రాకున్న అనుమతి యిచ్చినట్లే యెంచుకొనవచ్చును. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఈ నియమము దానిని పూర్ణాంగీకారము చేసినది. అధికారి సోమరితనమునకు ఇది తగిన మందే. కాని మందుతోపాటు పథ్యమును పాటింపవలెను. అధికారి నిద్రించిన దరఖాస్తుదారునకు మార్గము దొరకినది సరే. ఆ వీధిలో నడచువాని పక్షమున ఎవరు చూచిరి? అధికారి మౌనము త్రవ్వు హక్కు నీయవచ్చును గాని, నిర్లక్ష్యముగా త్రవ్వు హక్కును ఎన్నటికిని ఈయజాలదు. మఱియు, పెద్ద కంపెనీకి మేలని తోచిన గడువు ఒక్క నల్లా కోరు గుడిసెకును మేలే. ఆలస్యము ధనవంతునకు ఖర్చు, దరిద్రునకు దప్పి.

వీధి యజమానులను గుఱించి యింత చెప్పి, గోతిలో దిగువానిని మఱచుట న్యాయము కాదు. భారతదేశమున పెద్ద ఆనకట్ట యెక్కడ కట్టినను పాలమూరు కూలీ యుండునని నానుడి. కఱవు తఱుముచుండగా, గుంపు మేస్త్రీ చేతినుండి ముందుగా పైకము పుచ్చుకొని, పిల్లలను చంక నిడుకొని, దేశదేశములకు పోయి మన్ను మోసినవారు ఆ సీమవారు. ఇతరుల పొలములకు కాలువలు త్రవ్వి, ఇతరుల పట్టణములకు గొట్టములు పూడ్చి, తమ యూరికి మరలి వచ్చి ఎండిన బావిలోనికి తొంగిచూచినవారు వారు. నేటి తీగల కందకములలో దిగుచున్నవారును అట్టి వారే. లోతైన కందకమున ప్రక్కలకు ఆధారమీయకున్న మన్ను విఱిగి మీద పడును. క్రింద విద్యుత్తీగ యున్నదని చెప్పువాడు లేకున్న గడ్డపార మృత్యువగును. అనుమతిపత్రమున వీధి పొడవు, రుసుము లెక్క వ్రాయుదురు; లోపల దిగు మనుష్యుని రక్షణమును గుఱించి ఎన్ని పత్రములలో పట్టించుకొందురు? ఆ రాత్రి మా ఇంటియెదుట త్రవ్విన యిద్దఱి పేర్లు నేనడుగలేదు. ఇదియు నా ఋణములలో నొకటి.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు, నేడు వచ్చినదియు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వీధిలో మన్ను పోయువానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలుపువానికి నాల్గవ వంతును దండన విధించెను. రాజమార్గమున నట్లు చేసిన రెట్టింపు. క్రీ. శ. 97లో రోమునగరపు జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్, నగరమంతట వీధుల రాతిపఱపు క్రింద రహస్యపు గొట్టములుండెననియు, లంచము తిన్న పనివారు ప్రధాన గొట్టములకు రంధ్రములు చేసి నీటి నమ్ముకొనుచుండిరనియు వ్రాసెను. శనివారపు రాత్రి మనిషి రెండువేల యేండ్ల ముసలివాడన్నమాట. లండనులో 1861లో గారిక్ వీధి క్రింద సొరంగమొకటి కట్టిరి. గొట్టములన్నియు అందులోనే యుండును గనుక బాగుచేయవలసినప్పుడెల్ల పైవీధిని చీల్చ నక్కఱ లేదు.

మన సీమలోనే ఒక మంచి యుదాహరణము గలదు. మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే సమాచారపు తీగలకును నాళములు వేసి, టీ-ఫైబరు అను పథకమును తెలంగాణ ప్రభుత్వము చేపట్టెను. ఒక త్రవ్వకమున నీరును వార్తయు రెండును నడచుట. 2024 డిసెంబరులో పూర్వపు మహబూబునగరు జిల్లాలోని మద్దూరు మొదలగు కొన్ని చోట్ల ప్రయోగాత్మకముగా ఇండ్లకు ఆ సేవ యారంభమయ్యెను. త్రవ్వుటకు ముందు క్రింద ఏ గొట్టము, ఏ తీగ యున్నదో వాని యజమానులను ఫోనుద్వారా విచారించుకొను సాధనము నొకదానిని కేంద్రప్రభుత్వము 2023 మార్చి 22న వెలువరించినది. యంత్రము నూతనమే గాని అందలి నీతి పురాతనము: గోడ కొట్టుటకు ముందు పొరుగువాని తలుపు తట్టుము.

ఇక గృహస్థులమైన మనము చేయదగిన పని యేమి? అది అంత కష్టము కాదు. వీధిలో కందకము కనబడినప్పుడు నవ్వి పోక, "ఇది ఎవరిది? ఏనాటికి పూడ్తురు?" అని మర్యాదగా నడుగుట నేర్చుకొనవలెను. త్రవ్వువాని పేరును, గడువును వ్రాసిన పలక ప్రతి కందకము దగ్గఱ నిలుపవలెనని పురపాలకులను కోరవలెను. వీధికి తారు వేయుటకు ముందే నీరు, మురుగు, విద్యుత్తు, తీగలు అను నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టి అడుగవలెనని వార్డు సభ్యుని నిర్బంధింపవలెను. పూడ్చునప్పుడు మన్నును పొరలు పొరలుగా వేసి, నీరు చల్లి, దిమ్మిసకొట్టించి, తనిఖీ యైన పిదపనే ధరావతు సొమ్ము తిరిగి యీయవలెను. పేదయింటి నల్లాకు రుసుము స్వల్పముగా నుండవలెను. బదులు శీఘ్రముగా రావలెను. కాదన్నచో కారణము వ్రాసి చూపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, శనివారపు రాత్రి వచ్చువానిని గుమ్మము నుండియే పంపివేయవలెను. ఇది మాత్రము పురపాలకులు చేయజాలరు. మన యింటిలోనే జరుగవలసిన సంస్కారము.

"దాహముతో నున్నవానికి నీతులేల?" యని ఒక మిత్రుడు నన్నడిగెను. ఆ ప్రశ్నకు నా యొద్ద సులభమైన బదులు లేదు. ముసలితల్లి దప్పిగొనియుండగా మరల నాకు అదే మూడు మాసముల నిరీక్షణము వచ్చిన యెడల నేనేమి చేయుదునో ప్రమాణము చేసి చెప్పలేను. ఒకవేళ త్రవ్వుదునేమో. కాని అప్పుడు పట్టపగలు త్రవ్వుదును. గోతి ప్రక్కన నా పేరు వ్రాసిన పలక నిలుపుదును. రాత్రి దీపము పెట్టుదును. శిక్ష వేసిన అనుభవింతును. చట్టము దృష్టిలో అప్పుడును నేను తప్పు చేసినవాడనే. అయినను పాలవాని ముందు మౌనముగా నిలువవలసిన యవసర ముండదు.

మొన్న ఆ గల్లీకి పోయితిని. సిమెంటు రోడ్డు పడినది. నా గోయి ఎక్కడ నుండెనో గుర్తుపట్టుటకైన వీలు లేదు. పాలవాడు ఇప్పుడు మోటారు సైకిలుమీద వచ్చుచున్నాడు; అతని మణికట్టు కొంచెము వంకరగనే అతికినది. నన్ను చూచి బండి నాపి, "బాగున్నారా, సారు?" అనెను. ఈసారి చెప్పితిని. కొంతసేపు నా ముఖమువంక చూచి, "అప్పుడే చెప్పవలసినది" అని మాత్రము అని, పాలకు వేళయగుచున్నదని సాగిపోయెను.